పొదుపు సంఘం గడప బయట ఎవరున్నారు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో డ్వాక్రా గ్రూపు లేని వీధి దాదాపు ఉండదు. రెండు రాష్ట్రాల్లో కలిపి కోటికి పైగా మహిళలు ఏదో ఒక పొదుపు సంఘంలో సభ్యులు. బ్యాంకుకెళ్లి మేనేజరుతో మాట్లాడటం, తీర్మానం రాసి సంతకం పెట్టడం, మండల ఆఫీసులో కుర్చీలో కూర్చుని లెక్క అడగడం ముప్పై ఏళ్ల కిందట కూలి ఇళ్ల ఆడవాళ్లకు ఊహకందని సంగతులు. ఇవాళ మామూలైపోయాయి. ఇది చిన్న విజయం కాదు.

అయితే సభ్యులెందరో చెప్పే పట్టికలు సభ్యులు కాలేకపోయినవాళ్ల గురించి ఏమీ చెప్పవు. ఆరు నెలలు వలస పోయి ఆరు నెలలు ఊళ్లో ఉండే కుటుంబం, కొడుకులు పట్టించుకోని ముసలమ్మ, మంచంలో ఉన్న బిడ్డను వదిలి కదల్లేని తల్లి, చెరువు గట్టున గుడిసె వేసుకున్న యానాదులు సంఘానికి దూరంగా ఉండిపోవడం ఇష్టం లేక కాదు. నెలనెలా చేతికి డబ్బందే ఇంటిని దృష్టిలో పెట్టుకుని నియమాలు రాసుకున్నారు. వీళ్లది ఆ ఇల్లు కాదు. సంఘం పెట్టడం ఒక పని, సంఘంలోకి రాలేనివాళ్లను తేవడం ఇంకో పని. రెండోది దానంతటదే జరగదు. ఎక్కడెక్కడ ఆగిపోతుందో, ఎందుకు ఆగుతుందో, వ్యాపారం దాకా వచ్చాక ఏమవుతుందో విడివిడిగా చూడాలి.

సారా ఉద్యమం నుంచి సమాఖ్యల దాకా

ఈ సంఘాల వెనక మూడు పాయలున్నాయి. కేంద్రం 1982లో మొదలుపెట్టిన డ్వాక్రా పథకం ఒకటి. అది 1999లో మరో పథకంలో కలిసిపోయినా జనం నోట్లో పేరు డ్వాక్రాగానే నిలిచిపోయింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం రెండోది. అక్షరాస్యత తరగతులకొచ్చిన కూలి మహిళలు సారాను ఊళ్లోకి రానివ్వకుండా అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగలడంతో రోజుకు రూపాయి చొప్పున దాచుకోవడం ఆ జిల్లాలో పెద్ద ఎత్తున మొదలై ‘పొదుపులక్ష్మి’గా పేరు తెచ్చుకుంది. ఇక మూడోది, నాబార్డు 1992లో 500 సంఘాలతో ప్రయోగంగా చేపట్టిన బ్యాంకు లింకేజీ, అంటే సంఘాలకు బ్యాంకు అప్పు ఇప్పించే ఏర్పాటు.

2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఆరు జిల్లాల్లో ‘వెలుగు’ అనే పేదరిక నిర్మూలన ప్రాజెక్టు మొదలయ్యాక ఈ మూడింటికీ ఒక నిర్మాణం వచ్చింది. పది పదిహేను మందితో సంఘం, సంఘాలన్నీ కలిసి గ్రామ సమాఖ్య, ఆపైన మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య. సమాఖ్యలను 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టర్ చేశారు. అందువల్ల అవి ప్రభుత్వ శాఖలు కావు, సభ్యుల సొంత సంస్థలు. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చినప్పుడు ఈ నిర్మాణాన్నే దేశానికి నమూనాగా తీసుకున్నారు. మన పల్లెల నుంచి సీఆర్పీలు, అంటే సంఘం నడిపి అనుభవం గడించిన మహిళలే, బిహార్, ఉత్తరప్రదేశ్ గ్రామాలకు వెళ్లి అక్కడి ఆడవాళ్లను కూర్చోబెట్టి సంఘాలు కట్టించారు.

తలుపు మూసుకునేది పొదుపు దగ్గరే

పంచసూత్రాలు సంఘ సభ్యులందరికీ కంఠతా వచ్చు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాలు, ఎప్పటికప్పుడు పుస్తకాల రాత. అయిదూ మంచివే. కానీ క్రమం తప్పని ఆదాయం లేని మనిషికి మొదటి రెండే అడ్డుగోడలు.

రోజుకు రూపాయి అన్న రోజుల్లో నెల పొదుపు ₹30. ఇప్పుడు చాలా సంఘాల్లో ₹100, ₹200, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. పొదుపు పెంచితే బ్యాంకు అప్పు పెద్దదొస్తుందన్న నమ్మకంతో పెంచుతారు. లెక్క వేసి చూస్తే తొలి అప్పు విషయంలో ఆ నమ్మకానికి పెద్దగా ఆధారం లేదు. మిషన్ మార్గదర్శకాల ప్రకారం మొదటి విడత అప్పు సంఘ మూలనిధికి, అంటే సంఘం చేతిలో ఉన్న సొంత డబ్బుకు, ఆరు రెట్లు లేదా ₹1.5 లక్షలు, ఏది ఎక్కువైతే అది. పదిమంది నెలకు ₹200 చొప్పున ఆరు నెలలు కడితే ₹12,000. దానికి ఆరు రెట్లు ₹72,000. ₹100 చొప్పున కడితే ₹6,000, ఆరు రెట్లు ₹36,000. రెండూ ₹1.5 లక్షలకు తక్కువే కాబట్టి రెండు సంఘాలకూ దక్కేది ఆ కనీస మొత్తమే. వడ్డీలు, మిషన్ ఇచ్చే రివాల్వింగ్ ఫండ్ లాంటివి కలిస్తే అంకె కాస్త అటూఇటూ అవుతుంది తప్ప పెద్ద తేడా రాదు. అంటే పొదుపు ₹100 నుంచి ₹200కు పెంచడం వల్ల తొలి అప్పు పెరగదు, చిట్టచివరి పేదరాలు మాత్రం బయటే ఆగిపోతుంది. రెండో విడత నుంచి మూలనిధికి విలువ పెరుగుతుందన్నది నిజమే. అప్పటికి ఆమె చేతిలో కూడా కాస్త ఆడే డబ్బు ఉంటుంది. పెంచాలంటే పెంచాల్సింది అప్పుడు.

హాజరు సంగతీ ఇంతే. పాలమూరు వైపు నుంచి దీపావళి తర్వాత వలస పోయే కుటుంబం వేసవి దాకా తిరిగి రాదు. ప్రతి గైర్హాజరుకూ జరిమానా, కట్టని పొదుపుకూ జరిమానా వేస్తే తిరిగొచ్చేసరికి ఆమె బాకీ చూసి ఆమే భయపడి తప్పుకుంటుంది. చేయాల్సిన మార్పు చిన్నది. వలస సభ్యులు పోయేముందో వచ్చాకో ఒకేసారి పొదుపు కట్టవచ్చని, ఆ నెలలకు జరిమానా లేదని తీర్మానాల పుస్తకంలో రాసుకోవాలి. నోటిమాటగా ఒప్పుకుంటే సరిపోదు. లీడరు మారిన రోజున పాత మాట ఎవరికీ గుర్తుండదు.

వీటన్నిటికన్నా బలమైన అడ్డంకి ఉమ్మడి బాధ్యత. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ల లింకేజీ ఆగుతుంది. కాబట్టి సంఘం కట్టుకునేటప్పుడే తమకు సమానంగా కట్టగలవాళ్లను ఏరుకుంటారు. ఇందులో దురుద్దేశం వెతకనక్కర్లేదు. పక్కింటామె బాకీ తన మెడకు చుట్టుకుంటుందనుకున్న మనిషి అలాగే ఆలోచిస్తుంది. నచ్చజెప్పి దీన్ని మార్చలేం. ఆ బాధ్యత భారాన్ని మరొకరు మోయాలి. సామాజిక పెట్టుబడి నిధి ఉన్నది సరిగ్గా ఇందుకే. సంఘానికి ₹2.5 లక్షల దాకా మిషన్ నుంచి వచ్చే ఈ డబ్బు గ్రామ సమాఖ్య చేతుల మీదుగా తిరుగుతుంది. వానలు పడని ఏడాది సమాఖ్య వాయిదాలను ముందుకు జరపగలదు. బ్యాంకుకు ఆ వెసులుబాటు తక్కువ, 90 రోజులు దాటితే ఖాతా మొండిబకాయి కిందకి పోతుంది. నిరుపేద సభ్యురాలి మొదటి అప్పు ఈ నిధి నుంచి ఇచ్చి, ఆమె చేయి తిరిగాక బ్యాంకు అప్పులోకి తేవడం సరైన వరుస. చాలాచోట్ల జరిగేది తలకిందులు. నిధిని కూడా బ్యాంకుకు బాగా కడుతున్న సంఘాలకే బహుమతిలా ఇస్తారు.

నిరుపేద ఎవరన్నది కాగితాలు చూసి తేల్చే పని కాదు. వెలుగు రోజుల్లో ఊరి మధ్యలో నేల మీద ముగ్గుపిండితో వీధులు గీసి, ఒక్కో ఇంటి పేరు చదివి, అతి నిరుపేదలు ఎవరో, నిరుపేదలు ఎవరో, పేదలు కానివారు ఎవరో ఊరివాళ్లతోనే చెప్పించేవారు. తర్వాత ఆ జాబితాను గ్రామసభలో చదివి సరిదిద్దేవారు. పద్ధతి గొప్పది. చేసే వేళ తప్పితే మాత్రం గంగపాలే. పట్టపగలు రచ్చబండ దగ్గర పెడితే కూలికి పోయినవాళ్లు ఉండరు. శివారు పల్లె సంగతి ఆ పల్లె మనిషి లేకుండానే మరెవరో చెప్పేస్తారు. ముందు శివారు పల్లెల్లో, ఎస్సీ కాలనీలో, సాయంత్రం పూట చేసి, ఆఖర్న ఊరి మధ్యకు రావాలి.

అప్పు కన్నా ముందు బియ్యం

పేదింటి ఆడమనిషికి వ్యాపారం నేర్పాలని ఉత్సాహపడే కార్యక్రమాలు తరచూ మరచిపోయే విషయం ఒకటుంది. తిండికి, ఆస్పత్రికి, చావుకు వెతుక్కునే ఇంట్లో వ్యాపారానికని ఇచ్చిన డబ్బు వాటికే పోతుంది. పోవాలి కూడా. బిడ్డకు జ్వరమొచ్చినప్పుడు కుట్టుమిషన్ కొననందుకు ఆమెను తప్పుపట్టలేం.

వెలుగులో బియ్యం అప్పు దీనికి సూటిగా దొరికిన జవాబు. గ్రామ సమాఖ్య సభ్యులందరికీ కావాల్సిన బియ్యం లెక్క తీసుకుని, మిల్లు దగ్గరో టోకు వర్తకుడి దగ్గరో ఒకేసారి కొని, సభ్యులకు అప్పు మీద ఇచ్చేది. వాళ్లు వాయిదాల్లో కట్టేవారు. కిరాణా కొట్లో ఖాతా పెట్టి కొంటే పడే అదనపు ధర, తూకంలో పోయేది మిగిలేవి. తిండికి ధీమా వచ్చాకే పొదుపు నిలిచింది. 2008లో కిలో ₹2 బియ్యం, 2011లో రూపాయి బియ్యం వచ్చాక దీని అవసరం తగ్గింది. కానీ పద్ధతి చచ్చిపోవాల్సింది కాదు. కందిపప్పు, నూనె, పిల్లల బడి సామాను ఇవాళ్టికీ అప్పు మీద ఎక్కువ ధరకు కొంటున్న ఇళ్లున్నాయి.

చావు ఖర్చు విషయంలో సమాఖ్యలు నడిపిన బీమా ఏర్పాటు ఇంకా లోతైనది. సభ్యురాలి ఇంట్లో మరణం జరిగితే జిల్లా సమాఖ్య కాల్‌సెంటరుకు ఫోను, ఆ రోజే బీమా మిత్ర ఇంటికి వచ్చి అంత్యక్రియలకు ₹5,000 చేతిలో పెట్టడం, ఆ తర్వాత క్లెయిమ్ కాగితాలు. సహజ మరణానికి ₹30,000, ప్రమాదంలో పోతే ₹75,000, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలకు ఏడాదికి ₹1,200 ఉపకారవేతనం. డబ్బు ఎంతన్నది పక్కన పెడితే అది శవం లేవకముందే చేరేది. వడ్డీ వ్యాపారి కూడా సరిగ్గా ఆ గంటలోనే వస్తాడు కాబట్టి.

ఇప్పుడు బీమా బ్యాంకు ఖాతాలోకి మారింది. ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాకు ఏడాదికి ₹436, ప్రమాద బీమా అయిన సురక్షకు ₹20, రెండింటికీ ₹2 లక్షల చొప్పున రక్షణ. రక్షణ పెరిగింది, ఇంటికొచ్చే మనిషి లేకుండా పోయింది. మే నెలాఖరులో ఖాతాలో ₹456 లేకపోతే పాలసీ ఆగిపోతుంది. ఆగినట్టు ఆమెకు తెలియదు. గ్రామ సమాఖ్య మే రెండో సమావేశంలో ప్రతి సభ్యురాలి సొంత ఖాతాలో ఆ ₹456 ఉందో లేదో వీఓఏ (గ్రామ సమాఖ్య పుస్తకాలు రాసే సహాయకురాలు) చేత చదివించి, లేనివాళ్లకు సంఘం నుంచి చేబదులు ఇప్పించడం అరగంట పని. జీవన జ్యోతిలో 50 ఏళ్లు దాటాక చేరడానికి వీల్లేదు. ఆ వయసు వాళ్లకు సమాఖ్య సొంతంగా చిన్న నిధి పెట్టుకోక తప్పదు.

రాత్రికి రాత్రి ఆస్పత్రికి డబ్బు కావాల్సి వచ్చినప్పుడు 2011లో పెట్టిన స్త్రీనిధి ఆదుకుంది. మండల సమాఖ్యలు వాటాదారులుగా ఉన్న ఈ సహకార సంస్థ ఫోను ద్వారా దరఖాస్తు తీసుకుని 48 గంటల్లో ఖాతాలో డబ్బు వేసేలా రూపొందింది. అది ఆ ఏడాదే రావడానికి కారణం ఉంది. అంతకుముందు ఏడాది అక్టోబరులో మైక్రోఫైనాన్స్ సంస్థల మీద రాష్ట్రం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. అవే ఇళ్లకు, అవే ఆడవాళ్లకు మూడు నాలుగు సంస్థలు పోటీపడి అప్పులిచ్చి వారం వారం వసూళ్లకు దిగాయి. సంఘంలో అవసరానికి దొరకని డబ్బు వాళ్ల దగ్గర గుమ్మంలోనే దొరికింది.

సమానంగా పంచుకుంటే ఎవరికీ చాలదు

లింకేజీ వచ్చిన రోజు సంఘంలో వినిపించే మొదటి మాట: ‘అందరం సమానంగా పంచుకుందాం.’ న్యాయంగానే వినిపిస్తుంది. ₹1.5 లక్షలు పదిమందికి పంచితే తలా ₹15,000. ఆ డబ్బుతో గేదె రాదు, కొట్టు పడదు, బోరు బాగవదు. పాత బాకీలో కొంత తీరుతుంది, పండగ గడుస్తుంది. మరుసటి నెల నుంచి వాయిదా మాత్రం కూలి డబ్బుల్లోంచే కట్టాలి. అవసరం లేనామె కూడా వాటా తీసుకుని పక్కామెకు నూటికి రెండో మూడో వడ్డీకి ఇస్తుంది. పేదరాలి పేరు మీద వాటా రాయించి దాన్ని ఇంకొకరు వాడుకోవడమూ ఉంది. పుస్తకంలో ఆమె రుణగ్రస్తురాలు, చేతికి అందింది శూన్యం.

సూక్ష్మ రుణ ప్రణాళిక దీనికి విరుగుడుగా పెట్టిందే. ఒక్కో ఇంటి ఆదాయం, ఖర్చు, అప్పులు, ఏ నెలలో చేతిలో డబ్బుంటుంది, ఏ పనికి ఎంత కావాలి అని రాసుకుని, ఎవరికి ముందు, ఎంత, ఎన్ని నెలలకు అన్నది సంఘమే తేల్చాలి. పదిమందిలో నలుగురికి ఈసారి, మిగతావాళ్లకు తిరిగొచ్చిన డబ్బుతో లేదా తర్వాతి విడతలో. బాగా జరిగితే రెండు మూడు సమావేశాలు, ఒక్కో సాయంత్రం మూడేసి గంటల పని. బ్యాంకు అడిగింది కాబట్టి వీఓఏ ఇంట్లో కూర్చుని పది ఇళ్లకూ ఒకే అంకెలు నింపేస్తే అది ప్రణాళిక కాదు, ఫారం. ఇలా నింపిన ప్రణాళికను గుర్తుపట్టడం తేలిక. పదిమందికీ ఒకే మొత్తం, పదిమందికీ ‘పాడి’ అనే రాసి ఉంటుంది.

మూడు నిబంధనలు ప్రతి సంఘమూ తెలుసుకుని ఉండాలి. రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం ₹10 లక్షల వరకు సంఘాల అప్పుకు హామీ ఆస్తి అడగకూడదు, మార్జిన్ (సంఘం సొంతంగా పెట్టాల్సిన వాటా) అడగకూడదు, పొదుపు ఖాతాలోని డబ్బును పట్టి ఉంచకూడదు. ‘అప్పు తీరేదాకా పొదుపు ముట్టుకోవద్దు’ అన్న మాట బ్రాంచిలో వినిపిస్తే ఈ ఆదేశం చూపించి అడగవచ్చు. సొంత పొదుపును లోపలి అప్పులకు తిప్పుకోలేని సంఘంలో మొదట నలిగేది చిన్న చిన్న మొత్తాలు అవసరమయ్యే పేదరాలే.

వడ్డీ రాయితీ పథకాలు ఆమెకు మేలే చేశాయి. 2004లో పావలా వడ్డీ, 2012 నుంచి వడ్డీ లేని రుణాలు. కాని వాయిదా తప్పితే రాయితీ పోతుంది. 2014 ఎన్నికల ముందు మాఫీ హామీ నమ్మి వాయిదాలు ఆపిన సంఘాలు ఆంధ్రప్రదేశ్‌లో చాలా ఉన్నాయి. వడ్డీ పెరిగింది, రాయితీ అర్హత పోయింది, మళ్లీ లింకేజీ దొరకడానికి ఏళ్లు పట్టింది. స్తోమత ఉన్న సభ్యులు ఇంకో దారి చూసుకున్నారు. లేనివాళ్లు మళ్లీ నూటికి మూడు, అయిదు వడ్డీల్లోకి పోయారు.

గేదె లెక్క

పల్లెలో ‘జీవనోపాధి’ అనగానే అందరి నోటా వచ్చేది పాడి. ఒక ఉదాహరణ తీసుకుందాం. ₹1,00,000 అప్పుతో ఒక ముర్రా గేదె. పూటపూటా కలిపి రోజుకు ఆరు లీటర్లు, లీటరుకు ₹50 అనుకుంటే ₹300. దాణా, పచ్చిగడ్డి, ఎండుగడ్డి కలిపి ₹150. రోజుకు మిగిలేది ₹150, నెలకు ₹4,500. నూటికి రూపాయి వడ్డీ, 36 నెలల గడువు అయితే నెల వాయిదా ₹3,321. చేతికి ₹1,179.

గేదె తొమ్మిది నెలలు ఇస్తుంది, ఓ నాలుగు నెలలు వట్టిపోతుంది. ఆ నాలుగు నెలలూ మేతకు నెలకు ₹2,400, వాయిదా ₹3,321, మొత్తం ₹5,721 చేతి నుంచి పోవాలి. తొమ్మిది నెలల మిగులు ₹10,611, నాలుగు నెలల లోటు ₹22,884. ఒక ఈత పూర్తయ్యేసరికి ₹12,000 పైన నష్టం, గడ్డి కోసినందుకు, పేడ ఎత్తినందుకు ఆమెకు కూలి లెక్కే లేదు. దూడ, ఎరువు కొంత పూడుస్తాయి గాని ఆ నాలుగు నెలల్లో వాయిదా కట్టడానికి అవి నగదు కావు. చాలా ఇళ్లలో గేదె అమ్ముడయ్యేది సరిగ్గా ఈ నాలుగు నెలల్లోనే, అదీ వట్టిపోయిన గేదె ధరకు.

ఇదే అప్పు గడువు 60 నెలలైతే వాయిదా ₹2,224. పాలిచ్చే నెలల్లో ₹2,276 మిగులు, వట్టి నెలల్లో ₹4,624 లోటు. ఈత మొత్తం మీద దాదాపు ₹2,000 మిగులు. అదే గేదె, అవే పాలు. మారింది గడువు ఒక్కటే. ఇక మొదటి గేదె పాలిస్తుండగా ఆరేడు నెలలకు రెండోది కొంటే ఒకటి వట్టిపోయినా ఇంకొకటి పాలిస్తుంది, వాయిదా ఆగదు. కాబట్టి పాడికి అప్పిస్తే ఇద్దరు సభ్యులకు తలా రెండు గేదెల ప్రణాళిక వేయాలి గాని నలుగురికి ఒక్కొక్కటి ఇవ్వకూడదు. పశువు బీమా తీసుకున్నాక చెవి ట్యాగు ఊడిపోతే వెంటనే మళ్లీ వేయించి రాయించుకోవాలి. ట్యాగు లేదన్న ఒక్క కారణంతో క్లెయిమ్‌లు తిరస్కరిస్తారు.

ఇంకో మాట. గడ్డికి గట్టు లేని ఇంటికి గేదె నప్పదు. మేతంతా కొనాల్సి వస్తే పై లెక్కలోని ₹150 ఖర్చు నిలవదు. భూమి లేని కుటుంబానికి మేకలు, నాటుకోళ్లు, తోపుడు బండి మీద కూరగాయలు, టిఫిను బండి లాంటివి తేలిక. రోజువారీ డబ్బు తిరుగుతుంది, పెట్టుబడి తక్కువ, నష్టమొస్తే లేవగలదు. వీటికి కావాల్సింది ₹1 లక్ష ఒకేసారి కాదు. ₹10,000 ఇచ్చి, తిరిగి కట్టగానే మళ్లీ ₹15,000 ఇచ్చే సంఘం. ఆ చిన్న అప్పు పదేపదే ఇవ్వగలిగేది సంఘం సొంత నిధే, బ్యాంకు కాదు.

సరుకు కొనేదెవరు, డబ్బు ఎప్పుడిస్తారు

పచ్చళ్లు, అప్పడాలు, చిరుధాన్యాల చిరుతిళ్లు చేసే సంఘాలకు శిక్షణకు కొదవ లేదు. 2020లో మొదలైన సూక్ష్మ ఆహార శుద్ధి పథకంలో సభ్యురాలికి ₹40,000 చొప్పున విత్తన మూలధనం, యూనిట్ పెడితే ఖర్చులో 35 శాతం, ₹10 లక్షలు మించకుండా రాయితీ పెట్టారు. సంఘాల సరుకులు అమ్మే సరస్ మేళాలో స్టాలు పెడితే పది రోజుల్లో సరుకు అయిపోతుంది. పదకొండో రోజు ఊళ్లో కొనేవాళ్లుండరు. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ నంబరు, తయారీ తేదీ, బ్యాచి నంబరు లేని సీసాను దుకాణదారు తీసుకోడు. నూనె పాడైన వాసన కొట్టిన ఒక్క ప్యాకెట్టుతో ఆ దుకాణం పోతుంది. ఇక అంటరానితనం ఈ మార్కెట్లోనూ ఉంది. పచ్చడి ఎవరు పెట్టారని అడిగే కొనుగోలుదార్లున్న ఊళ్లో దళిత మహిళల సంఘానికి స్థానిక అమ్మకం మొదటి నుంచే కుంటుపడుతుంది. టోకున సమాఖ్య కొని సమాఖ్య పేరుతో అమ్మడం ఆ అడ్డును కొంత దాటిస్తుంది.

అందుకే నికరమైన కొనుగోలుదారు ఉన్న పనులే ఎక్కువ నిలిచాయి. అలాంటి కొనుగోలుదారు చాలావరకు ప్రభుత్వం. తెలంగాణలో బడి యూనిఫారాల కుట్టుపని సంఘాలకిచ్చారు. 2025 మార్చిలో మండల సమాఖ్యలు ఆర్టీసీకి బస్సులు అద్దెకివ్వడం మొదలైంది. బస్సుకు ప్రభుత్వం ₹30 లక్షలు, సమాఖ్య ₹6 లక్షలు పెట్టగా నెలకు ₹77,220 అద్దె వస్తుంది. స్థిరమైన ఆదాయమే. కానీ అది సమాఖ్య ఖాతాలోకి వచ్చే ఆదాయం, అతి నిరుపేద సభ్యురాలి చేతికి వచ్చేది కాదు. అద్దెలో ఎంత శాతం ఆమె దాకా పోవాలో, ఏ రూపంలో పోవాలో తీర్మానం చేసుకోని సమాఖ్యలో ఆస్తి పెరుగుతుంది, ఆమె పరిస్థితి మారదు.

రెండు రాష్ట్రాల్లో ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) కేంద్రాలుగా పేరుపడిన ధాన్యం కొనుగోలు కేంద్రాలదీ ఇదే ప్రశ్న. కల్లం, తేమ మీటరు, తూర్పార యంత్రం, కాటా, టార్పాలిన్లు, గోనె సంచులు, హమాలీలు అన్నీ సమాఖ్య చూసుకోవాలి. తేమ 17 శాతం మించకూడదు. లారీ రెండు రోజులు ఆలస్యమై వాన పడితే తడిసిన ధాన్యం గొడవ, మిల్లు దగ్గర తరుగు పేరుతో కిలోల కోత, రెండింటికీ రైతు నిలదీసేది కేంద్రంలో కూర్చున్న మహిళనే. ఆమె చేతిలో లారీ లేదు, మిల్లూ లేదు. క్వింటాలుకు ₹30 చిల్లర వచ్చే కమీషన్ పంట అమ్ముడైన చాన్నాళ్లకు గాని జమ కాదు. అయినా ఈ పని సమాఖ్యలకు ఇచ్చిన గౌరవం తక్కువది కాదు. భూస్వాముల ధాన్యాన్ని కూలి ఇంటి ఆడమనిషి తూచి, తేమ ఎక్కువుందని వెనక్కి పంపగలగడం మన పల్లెల్లో కొత్త సంగతి.

బాధ కలిగించేది మధ్యాహ్న భోజనం. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి వండి పెట్టడం మొదలైంది. వంట బాధ్యత ఎక్కువగా డ్వాక్రా సంఘాలదే. వంట పనుల్లో దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యమివ్వాలని 2004 ఏప్రిల్‌లో కోర్టు మరో ఆదేశమిచ్చింది. ఒకే కంచంలో కాకున్నా ఒకే కుండలో వండిన అన్నం ఊరి పిల్లలంతా తినడం ఎన్ని ఉపన్యాసాలకు సాటి! ఆ ఆదేశం వెనకున్న ఆలోచన అదే. కానీ బిల్లులు నెలల తరబడి రావు. కూరగాయలు, గుడ్లు, గ్యాస్ రోజూ కొనాలి. వంట ఏజెన్సీ మహిళ కిరాణా కొట్లో అప్పు పెడుతుంది, పుస్తెలు తాకట్టు పెడుతుంది. అంటే ప్రభుత్వానికి వడ్డీ లేని అప్పు ఇస్తున్నది ఊళ్లోకెల్లా పేదరాలు. కొంతకాలానికి ఆ భారం మోయలేని ఎస్సీ సంఘం తప్పుకుని, మూడు నెలలు పెట్టుబడి పెట్టగల సంఘం వస్తుంది. ఎవరూ ఎవరినీ కులం పేరుతో తీసేయలేదు, బిల్లు ఆలస్యమే తీసేసింది. రెండు నెలల ఖర్చు ముందస్తుగా ఏజెన్సీ ఖాతాలో ఉంచి, వచ్చిన బిల్లుతో దాన్ని నింపుతూ పోతే ఈ సమస్య ఉండదు. శాఖ ఇవ్వకపోతే గ్రామ సమాఖ్య తన నిధి నుంచి నామమాత్రపు వడ్డీకి ఆ ముందస్తు ఇవ్వగలదు.

ఐదుగురి సంఘం

మామూలు నియమం పదిమంది. వికలాంగులు, మారుమూల గిరిజన గూడేల విషయంలో ఐదుగురితోనే సంఘం కట్టుకోవచ్చని మిషన్ ఒప్పుకుంటుంది. వికలాంగులు, వృద్ధులు, ట్రాన్స్‌జెండర్ల సంఘాల్లో పురుషులూ ఉండవచ్చు. తెలుగు జిల్లాల్లో వెలుగు కాలంలోనే వికలాంగుల సంఘాలు, మండల స్థాయిలో వాటి సమాఖ్యలు వచ్చాయి. సర్టిఫికెట్, పింఛను, బస్సు పాసు కోసం గట్టిగా కదిలింది ఇవే.

ప్రత్యేక సంఘం మేలా, అందరితో కలిసిన సంఘం మేలా అన్న వాదన ఈ రంగంలో పాతది. ప్రత్యేక సంఘంలో మాట్లాడే ధైర్యం వస్తుంది, కానీ ఐదుగురి పొదుపు చిన్నది, మూలనిధి ఎదగదు, లింకేజీ చిన్నదిగానే ఉండిపోతుంది. కలిసిన సంఘంలో డబ్బుంటుంది, ఆమె మాట వినపడదు. వికలాంగుల సమాఖ్య ద్వారా హక్కుల పని, అప్పు కోసం వీధి సంఘంలో సభ్యత్వం, రెండూ ఉండేలా చూడటం మంచిది. రెండుచోట్లా పొదుపు కట్టమనడం అన్యాయం కాబట్టి ఒకచోట మాఫీ చేయాలి.

ఏర్పాట్లు చిన్నవే, తప్పితే మాత్రం మనిషి రాదు. సమావేశం మెట్లున్న ఇంటి వరండాలో పెట్టకూడదు. చెవుడున్న సభ్యురాలికి పాస్ పుస్తకంలో అంకె వేలితో చూపించి, తిరిగి ఆమెచేత చెప్పించుకోవాలి. చూపు లేనామె వేలిముద్ర వేసే ముందు మొత్తం ఎంతో ఇద్దరు సభ్యుల ఎదుట గట్టిగా చదవాలి. మానసిక వైకల్యమున్న వ్యక్తి తరఫున తల్లో సంరక్షకుడో సభ్యులుగా కూర్చుంటారు. తీసుకున్న అప్పు ఆ వ్యక్తి అవసరానికే వెళ్లిందా అన్నది మూడు నెలలకోసారి సమాఖ్య నుంచి ఇంకొకరు ఇంటికి వెళ్లి చూసి రాసుకోవాలి. తల్లి ముసలిదైతే ఆ స్థానంలోకి ఎవరొస్తారో కూడా ఆమె బతికుండగానే తీర్మానాల పుస్తకంలో పేరు రాసి పెట్టుకోవాలి.